కృష్ణకు ఎగువన మెన్నొనైట్లు

విజయవాడలోని పటమట, గుణదల ప్రాంతాల పాఠకులకు సీఎస్‌ఐ, రోమన్‌ కాథలిక్‌, లూథరన్‌, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల పేర్లు బాగా పరిచయమైనవే గాని, అదే కృష్ణానదికి ఎగువన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు, కల్వకుర్తి, దేవరకొండ ప్రాంతాల్లో తరతరాలుగా వేళ్లూనుకొన్న మరొక సంఘం పేరు ఇక్కడ అంతగా వినబడదు. దాని పూర్తిపేరు మెన్నొనైట్‌ బ్రెదరన్‌ సంఘం, వాడుకలో ‘ఎం.బి. చర్చి’. లక్షకు మించిన సభ్యులతో, భారతదేశంలోని మెన్నొనైట్‌ సంఘాలన్నిటిలోకీ ఇదే పెద్దది. మెన్నొనైట్‌ అన్నంతనే గుర్రపుబండినీ, నల్లటోపీనీ, కరెంటు లేని ఇంటినీ చూపించే సినిమాలు ఈ పాలమూరు (మహబూబ్‌నగర్‌) మెన్నొనైట్లను లెక్కలోకి తీసుకోవు. నిజానికి వేషాన్ని బట్టి ఈ సంప్రదాయాన్ని గుర్తుపట్టబోవడమే పొరపాటు; నీటి సంస్కారంతో సంఘంలో చేరే బాప్తిస్మం ఏ వయసులో, ఎవరి నిర్ణయంతో జరగాలన్న ప్రశ్నే దానికి ఆయువుపట్టు.

పుట్టిన ప్రతి శిశువూ బాప్తిస్మం పొంది ఏకకాలంలో చర్చికీ రాజ్యానికీ చెందినవాడయ్యే 16వ శతాబ్దపు ఐరోపాలో, 1525 జనవరి 21న స్విట్జర్లాండులోని జూరిక్‌ నగరంలో కొందరు యువకులు, ఊహ తెలియని పసివాని తలపై పోసిన నీళ్లకు విలువ లేదని, విశ్వాసాన్ని తన నోట తాను ఒప్పుకొనే వయసు వచ్చాకే బాప్తిస్మం చెల్లుతుందని వాదించి, ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకొన్నారు. పునర్బాప్తిస్మవాదులని అర్థం వచ్చేలా వారిని ఎగతాళిగా అనబాప్టిస్టులన్నారు. వారిలో ఒకడైన ఫీలిక్స్‌ మాంజ్‌ను 1527 జనవరిలో అదే నగరంలోని లిమ్మాట్‌ నదిలో ముంచి చంపారు. నెదర్లాండ్స్‌లో కాథలిక్‌ గురువుగా ఉండి, 1536లో ఆ పదవి విడిచి, చెల్లాచెదరైన ఈ జనాన్ని కూడగట్టిన మెన్నో సైమన్స్‌ పేరు మీదనే తరువాత వీరు మెన్నొనైట్లయ్యారు. ఆయుధం పట్టకపోవడం, ఒట్టు వేయకపోవడం, నిరాడంబరంగా బతకడం వీరి ఇతర నియమాలు.

హింసను తప్పించుకొంటూ చెదరిపోయిన సంఘాలు దేశానికొక తీరుగా మారాయి. స్విట్జర్లాండు వైపు నుంచి అమెరికాలోని పెన్సిల్వేనియాకు చేరినవారిలో పాతపద్ధతి పాటించే ఒక శాఖ పొలంలో ట్రాక్టరు వాడనిస్తుంది గాని దానికి రబ్బరు టైర్లు ఉండరాదంటుంది. ఇనుప చక్రాల ట్రాక్టరును కారులా వాడుకొని పట్నానికి పరుగులు తీయడం కుదరదన్నదే అందులోని కిటుకు. మరొక శాఖ కారును అనుమతించి, తళతళలాడే బంపరుకు మాత్రం నల్లరంగు వేయించింది. మూఢత్వంగా కనిపించే ఈ నియమాల వెనుక, యంత్రం ఇరుగుపొరుగు బంధాన్ని తెంచుతుందా లేదా అన్న లెక్క ఉంది. నెదర్లాండ్స్‌ వైపు వారు ప్రష్యా మీదుగా 1789 నుంచి రష్యా సామ్రాజ్యపు దక్షిణ మైదానాలకు, అంటే నేటి యుక్రెయిన్‌కు వలసపోయి, ప్లాట్‌డైచ్‌ అనే జర్మన్‌ మాండలికాన్నీ, చిన్న ముద్దను పెద్ద ముద్దపై కూర్చి కాల్చే ‘జ్వీబాక్‌’ రొట్టెనూ తరతరాలుగా నిలుపుకొన్నారు. ఆ రొట్టెను మళ్లీ కాల్చి ఎండబెడితే నెలల తరబడి చెడకుండా ఉండేది గనుక ఓడ ప్రయాణాల్లో అదే వారి ఆహారం. ప్రస్తుతం 86 దేశాల్లో 21 లక్షలకు పైగా ఉన్న ఈ సంప్రదాయపు సభ్యుల్లో అధికులు ఆఫ్రికా, ఆసియా, లాటిన్‌ అమెరికా వారే.

తెలుగు నేలకు దారి పడింది ఆ రష్యా మైదానాల నుంచే. మెన్నొనైట్‌ జీవితం మరీ మొక్కుబడిగా మారిందని భావించిన కొన్ని కుటుంబాలు 1860 జనవరిలో వేరుపడి మెన్నొనైట్‌ బ్రెదరన్‌గా ఏర్పడ్డాయి. తలపై నీళ్లు పోసే పాతపద్ధతిని విడిచి, మనిషిని నీటిలో పూర్తిగా ముంచే పద్ధతిని వారు స్వీకరించారు. ముంచడం బాప్టిస్టుల పద్ధతి కూడా కావడంతో ఇరువురి మధ్య పొత్తు సులువైంది. ఈ సంఘానికే చెందిన అబ్రహాం ఫ్రీసెన్‌ దంపతులు అమెరికన్‌ బాప్టిస్టు మిషన్‌ పక్షాన 1889లో బయలుదేరి వచ్చి, నైజాం రాజ్యంలోని నల్గొండను కేంద్రం చేసుకొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం, రష్యా విప్లవం ఆ దేశంతో సంబంధాన్ని తెంచివేయగా, రష్యా మెన్నొనైట్లు నాటిన నల్గొండ, సూర్యాపేట, జనగామ క్షేత్రాలు బాప్టిస్టుల పాలయ్యాయి. 1899 నుంచి విడిగా వచ్చిన అమెరికా మెన్నొనైట్‌ బ్రెదరన్‌ వారు హైదరాబాదు, నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, శంషాబాదుల్లో మిషన్‌ కాంపౌండ్లు కట్టారు. 1937లో మహబూబ్‌నగర్‌, గద్వాల ప్రాంతాలు బాప్టిస్టుల నుంచి వీరికి సంక్రమించాయి. 1907లో వచ్చి 1945లో మరణించేదాకా ఇక్కడే వైద్యం చేసిన డాక్టర్‌ కాథరినా షెల్లెన్‌బర్గ్‌, ఆ తరువాత జడ్చర్లలో వెలసిన ఆసుపత్రి, బోర్డింగు బడులు, శంషాబాదులోని బైబిలు కళాశాల ఈ చరిత్రలో భాగం.

సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాదిగ, మాల కుటుంబాల వారు. వారి రోజువారీ జీవితంలో ఐరోపా వాసన వెతికినా దొరకదు. ఆరాధనలో ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు చాపల మీద కూర్చోవడం, హార్మోనియం, డోలక్‌, తాళాలతో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పాడుకోవడం, వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి ఆదివారం గుడికి తెచ్చివ్వడం వంటివి ఇతర తెలుగు సంఘాల్లో ఉన్నవే. కోత పండుగనాడు గుమ్మడికాయ, జొన్నకంకుల కట్ట, కాళ్లు కట్టిన కోడిపుంజు బల్ల ముందుకు వచ్చి, వేలంలో అంగడి ధరకు రెండింతలు మూడింతలు పలకడం, పాడుకొన్నవారే మళ్లీ దానిని కానుకగా ఇవ్వడం, మరొకరు మళ్లీ పాడడం తెలుగు గుళ్లలో చూడదగ్గ వేడుక. ఉత్తర అమెరికా పాతపద్ధతి మెన్నొనైట్‌ స్త్రీలు బైబిలు ఆజ్ఞగా తలపై తెల్లని కుచ్చుటోపీ ధరిస్తే, ఇక్కడి స్త్రీలు ప్రార్థన వేళ కొంగు కప్పుకొంటారు. ఆ ఆజ్ఞ కోసం కొత్త బట్ట కుట్టించవలసిన పని పాలమూరులో ఎవరికీ పడలేదు.

తేడా పసిపిల్లల దగ్గర తెలుస్తుంది. విజయవాడ సీఎస్‌ఐ గుడిలో చంటిబిడ్డకు బాప్తిస్మమిచ్చి, పెద్దయ్యాక విశ్వాసాన్ని స్థిరపరచుకొనే కన్ఫర్మేషన్‌ జరిపిస్తారు. ఎం.బి. చర్చిలో బిడ్డను దేవునికి ప్రతిష్ఠించి ప్రార్థన చేస్తారే తప్ప నీళ్లు ముట్టించరు. ఆ బిడ్డ యుక్తవయసుకు వచ్చి, సంఘం ముందు తన సాక్ష్యం చెప్పుకొన్నాకే చెరువులోనో, గుడి ఆవరణలోని తొట్టిలోనో నడుములోతు నీటిలో నిలబడి మునిగి లేవాలి. ఎవరికివారు నిర్ణయించుకోవాలన్న ఈ సిద్ధాంతానికీ, వాడంతా పెద్దల మాటపై కలసి అడుగువేసే ఇక్కడి అలవాటుకూ మొదటినుంచీ పొసగలేదు.

ఆ నిర్ణయపు వెలను దగ్గరగా చూసినవాడు పాల్‌ హీబర్ట్‌. మిషనరీ దంపతులకు 1932లో శంషాబాదులో పుట్టి, మానవశాస్త్రవేత్తగా ఎదిగి, పాలమూరు పల్లెపై 1971లో ‘కొండూరు’ అనే గ్రంథాన్ని ప్రచురించిన ఈయన, మశూచి సోకిన ఊరిలో మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వడానికి వేసిన చందాను క్రైస్తవులు కట్టననడం, అందుకు వారిని బావి నీళ్లు తోడనివ్వక, దుకాణంలో సరుకు అమ్మక వెలివేయడం గురించి రాశారు. పరలోకానికి ప్రార్థన, రోగానికి మాత్ర ఇచ్చిన మిషనరీల దగ్గర దిష్టికీ, చేతబడికీ, గాలి సోకడానికీ జవాబు లేకపోయిందని 1982లో ఆయన చేసిన విమర్శ తన సొంతవారిపై తాను చేసుకొన్నదే గనుక మరింత విలువైనది.

ఆయుధం పట్టరాదన్న నియమం మాత్రం ఇక్కడ పెద్దగా పరీక్షకు గురికాలేదు. రష్యాలో సైనిక సేవకు బదులుగా అడవుల్లో పనిచేసి, అమెరికాలో యుద్ధకాలాల్లో జైళ్లకు వెళ్లి మెన్నొనైట్లు కాపాడుకొన్న ఈ నియమానికి, నిర్బంధ సైనిక శిక్షణ లేని భారతదేశంలో అడ్డు తగిలే చట్టమే లేదు.

అడ్డు తగిలే చట్టం బాప్తిస్మం దగ్గర ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినా క్రైస్తవులకు వర్తించలేదు. అందువల్ల మాదిగ లేక మాల కుటుంబంలోని మనిషి బాప్తిస్మం పొందితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక శాతం రిజర్వేషన్‌ ఉన్న బీసీ-సి వర్గంలోకి మారవలసి వస్తుంది. పసితనంలోనే బాప్తిస్మమిచ్చే సంఘాల్లో ఈ భారం తల్లిదండ్రుల నిర్ణయం వెంట వస్తుంది. పెద్దయ్యాక సొంత నోట ఒప్పుకొని మునగాలనే సంఘంలో ఉద్యోగ దరఖాస్తులు పెట్టే వయసూ, చెరువులో దిగవలసిన వయసూ ఒకటే అవుతాయి. బడి రికార్డులో ఒక పేరు, సంఘపు పుస్తకంలో మరొక పేరు ఉండడం, ఏళ్ల తరబడి గుడికి వస్తూనే బాప్తిస్మాన్ని వాయిదా వేయడం తెలుగు క్రైస్తవంలో అందరికీ తెలిసి ఎవరూ పైకి అనని విషయాలు. మతం మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వవచ్చునా అన్నది పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌ అధ్యక్షతన కేంద్రం 2022 అక్టోబరులో ఒక కమిషన్‌ను నియమించింది.