శ్రోతలు లేని కచేరీ

"మీ అమ్మాయికి శ్రుతి నిలవదమ్మా. డబ్బు దండగ" అని పంతులుగారు మా అమ్మతో చెప్పేనాటికి నాకు తొమ్మిదేళ్లు. నా సంగీతం సరళీ స్వరాల దగ్గరే ఆగిపోయింది. అమ్మ మాత్రం "ఎప్పటికైనా పాడతావులే" అంటూ ఉండేది. మళ్లీ నలభై యేళ్లకు, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో నేను నోరు విప్పి పాడానంటే మావాళ్లు నమ్మరు.

2022లో ఒక సాయంకాలం పొరుగింటావిడ "పాటకు వస్తావా?" అంది. వినడానికే గదా అని బయలుదేరాను. తీరా చూస్తే, ఆ హాల్లో వినేవాళ్లకు కుర్చీలే లేవు! ట్రెబుల్, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు జట్లు చదరంగా, ఎదురుబొదురుగా కూచున్నాయి. నడుమ ఖాళీ. వంతు వచ్చినవారు అందులో నిలబడి, తమకిష్టమైన పాట ఏ పుటలో ఉందో చెప్పి, చేత్తో తాళం వేస్తూ నడిపిస్తారు. వాయిద్యాలు లేవు. శ్రుతిపెట్టె కూడా లేదు; అలవాటైనవారొకరు నోటితోనే శ్రుతి అందిస్తారు.

వాళ్ల పుస్తకం పేరు 'ది సేక్రెడ్ హార్ప్'. జార్జియా రాష్ట్రానికి చెందిన బి.ఎఫ్. వైట్, ఇ.జె. కింగ్ అనేవారు 1844లో కూర్చారు. అందులో కొన్ని పాటలు ఇంకా పాతవి. బోస్టనులో తోళ్లు పదునుచేసే పని చేసిన విలియం బిల్లింగ్స్ తన మొదటి పాటల పుస్తకాన్ని 1770లోనే అచ్చువేశాడు. చూడగానే స్వరం తెలిసేట్టు గుర్తులకు ఆకారాలు కల్పించిన పుస్తకం 1801లో వచ్చింది. ముక్కోణం ఫా, గుండ్రన సోల్, చదరం లా, వజ్రాకారం మి. ఏడు స్వరాలూ ఈ నాలుగు పేర్లలోనే ఇమడాలి: ఫా సోల్ లా, మళ్లీ ఫా సోల్ లా, ఆఖరున మి. ముందు ఈ అక్షరాలతో పాడి, తర్వాతే మాటలు అందుకుంటారు. నా సరళీ స్వరాలు గుర్తుకొచ్చి నవ్వొచ్చింది.

నవ్వు వెంటనే శంక పట్టుకుంది. ఆ మాటల్లో క్రీస్తు, మోక్షం, మరణం. పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చినదాన్ని, నేను పాడవచ్చునా? నా పక్కనావిడ యూదురాలు. వెనక కూచున్నాయన దేవుడే లేడంటాడు. మతం, రాజకీయం గుమ్మం బయట వదిలి రావడం అక్కడి మర్యాదట. పక్కనావిణ్ణి మెల్లగా అడిగాను. "నేను ఇప్పటికీ కొన్ని మాటల దగ్గర ఆగిపోతాను. నేను ఆగినచోట నువ్వు పాడు. నువ్వు ఆగినచోట నేను పాడతాను" అంది. అంతకంటే సమాధానం నాకు అక్కర్లేకపోయింది.

కొన్నాళ్లకు పొద్దుటినుంచి సాయంత్రందాకా పాడే సభ జరిగింది. ఎవరింటినుంచి వాళ్లు వండి తెచ్చి మధ్యాహ్నం అందరూ కలిసి తింటారు. భోజనాలకు ముందు, పోయినవారి పేర్లు చదివి వారికోసం ఒక పాట పాడడం ఆచారం. పేర్లుంటే రాసిమ్మన్నారు.

మా అమ్మ 2021 మే నెలలో కోవిడ్‌తో పోయింది. నా వీసాతో వెళితే తిరిగి రావడానికి వీల్లేని రోజులవి. కడసారి చూపు ఫోనులోనే.

"ఏడాది దాటిందండీ" అన్నాను సంకోచంగా.

"ఫరవాలేదు, రాయండి" అన్నారు.

పేరు తప్పుగానే పలికారు. అయినా అది మా అమ్మ పేరే. పాట ఎత్తుకున్నారు. నేనూ ఎత్తుకున్నాను. రెండో చరణంలో గొంతు పూడుకుపోయింది. పక్కనావిడ ఆగలేదు, వెనకాయన ఆగలేదు. ఆ చరణం నన్ను మోసుకుంటూ వెళ్లిపోయింది. మూడో చరణంలో మళ్లీ కలిశాను.

పంతులుగారన్నది నిజమే, ఆనాడూ శ్రుతి నిలవలేదు. కాని ఆ తప్పు ఎవరూ వినలేదు. అందరూ పాడుతున్నారు గదా!