యూకేలో కారుకు పార్కింగ్ పెనాల్టీ పడిందా? కట్టే ముందు ఇవి తెలుసుకోండి

హైదరాబాద్, గుంటూరు, కర్నూలు నుంచి చదువుకో, ఉద్యోగానికో యూకే వెళ్లినవాళ్లకు అక్కడ కారు కొన్నాక వచ్చే తలనొప్పుల్లో పీసీఎన్ నోటీసు ఒకటి. అది చూసి కొందరు భయపడి వెంటనే కట్టేస్తారు. కొందరు చూసీచూడనట్టు పక్కన పడేస్తారు. కానీ తప్పు లేదనుకుంటే అప్పీల్ చేసుకునే హక్కు ఉంది. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. గడువు మాత్రం దాటకూడదు.

ముందు నోటీసు ఎవరిదో చూడాలి

కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్. సూపర్ మార్కెట్ లాంటి చోట్ల ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. రెంటినీ పీసీఎన్ అనే అంటారు. కానీ దారులు వేరు. కంపెనీ నోటీసుకు ముందు ఆ కంపెనీకే రాయాలి. ఒప్పుకోకపోతే పోప్లా లేదా ఐఏఎస్‌కు వెళ్లాలి. ఏది వర్తిస్తుందో తిరస్కరణ లేఖలో ఉంటుంది.

కౌన్సిల్ నోటీసు అయితే..

ఇంగ్లాండ్, వేల్స్‌లో కారు మీద పెట్టిన పార్కింగ్ నోటీసుకు 14 రోజుల్లో కడితే సగమే పడుతుంది. అయితే డబ్బు కట్టేస్తే కేసు ముగిసినట్టే, ఆ తర్వాత వాదించడానికి ఉండదు. అందుకే అభ్యంతరం ఉంటే కట్టకుండా ఆ 14 రోజుల్లోనే కౌన్సిల్‌కు రాయాలి. కాదన్నా సగం రాయితీని మళ్లీ ఇవ్వడం మామూలే.

అప్పటికీ కట్టకపోతే యజమాని పేరిట 'నోటీస్ టు ఓనర్' వస్తుంది. దానిపై 28 రోజుల్లో అధికారికంగా అభ్యంతరం చెప్పాలి. కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అభ్యంతరం ఒప్పుకున్నట్టే లెక్క. తిరస్కరిస్తే మరో 28 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. లండన్ కేసులు లండన్ ట్రిబ్యునల్స్‌కు, మిగతావి ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్‌కు వెళ్తాయి. అక్కడి తీర్పుకు కౌన్సిల్ కట్టుబడాలి. ఓడితే మాత్రం పూర్తి మొత్తం కట్టాల్సిందే.

ఏ వాదన నిలుస్తుంది?

బోర్డు లేకపోవడం, గీతలు చెరిగిపోవడం, టికెట్ కొన్న రసీదు ఉండటం, కారు అప్పటికే అమ్మేయడం వంటివి నిలిచే వాదనలు. ఫొటోలు అదే రోజు తీసుకోవాలి. జుమాకు ఆలస్యమవుతోందని మసీదు దగ్గర పసుపు గీతల మీద పెట్టామంటే అది కారణమే గానీ, చట్టం చెప్పే ఆధారం కాదు. ఆసుపత్రి ఎమర్జెన్సీ వంటివి కాగితాలతో చూపిస్తే కౌన్సిల్ దయ చూపవచ్చు.

పాత అడ్రస్‌తోనే అసలు ముప్పు

గదులు మారుతుండే విద్యార్థులు కారు లాగ్ బుక్‌లో అడ్రస్ మార్చడం మరిచిపోతారు. ఉత్తరాలన్నీ పాత గదికే పోతాయి. జవాబు లేకపోతే పెనాల్టీ 50 శాతం పెరుగుతుంది. తర్వాత కేసు నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో నమోదవుతుంది. ఆపై బెయిలిఫ్‌లు, అంటే వసూలుదారులు, తలుపు తడతారు. వాళ్ల ఫీజులు అదనం. ఉత్తరం నిజంగా అందకపోతే ఆ సెంటర్‌కే విట్‌నెస్ స్టేట్‌మెంట్ పంపాలి. గడువు దాటితే, ఆలస్యానికి కారణం చెప్పే దరఖాస్తును కూడా జత చేయాలి. అబద్ధం రాస్తే నేరం.

లాగ్ బుక్‌లో అడ్రస్ మార్చడానికి డీవీఎల్‌ఏ రూపాయి కూడా తీసుకోదు. పిల్లలు అక్కడ ఉన్నవాళ్లు ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ ఒక్కమాట అడగండి: కారు కాగితాల్లో ఏ అడ్రస్ ఉంది?