ఊహలో వెనక్కి వెళ్లి పూర్వీకులను వెతకడం

వంశచరిత్రలో ముడి విడనప్పుడు ఊహలో కాలప్రయాణం చేసి చూడటం మంచి ఉపాయం. పూర్వీకుల జీవితంలో ఒక్క రోజుకు వెళ్లగలిగితే ఏ రోజుకు వెళ్లాలి, అక్కడ ఎవరు ఏం రాసుకుంటూ ఉంటారు అన్నదే అసలు ప్రశ్న.

దక్షిణాఫ్రికాలోని చాలా తెలుగు కుటుంబాలకు అది మద్రాసులో ఓడ ఎక్కిన రోజు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు కూలి ఒప్పందం మీద డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతానికి వెళ్లారు. ఓడ ఎక్కేవారి వరుసలో ఊహగా నిలబడితే గుమస్తా అడిగేవి తెలుస్తాయి: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఒంటి మీది మచ్చలనూ వదలలేదు. నుదుటి మీద గాటు ఉండేదని ఇంట్లో చెప్పుకునే మాట, గుమస్తా ఆ వివరాలు రాసిన ఓడ పట్టీతో కలిస్తే, ఒకే పేరున్న ఇద్దరు అప్పన్నల్లో తమ ముత్తాత ఎవరో తేలవచ్చు. ఎంత విలువైన వరుసో అది!

ఇంగ్లిషు అక్షరాల్లోకి ఎక్కేటప్పుడు పేర్ల రూపు మారింది. విశాఖపట్నం వైజాగపటమ్ అయింది. కాబట్టి పట్టీలోని పేరును పైకి చదివి చూడాలి.

ఊహ దారి చూపుతుంది, సాక్ష్యం కాజాలదు. దొరికిన వివరం పెళ్లి, మరణ నమోదులతో సరిపోలాకే వంశవృక్షంలో చేర్చాలి.