సీల్ మార్చినా గేర్ ఆయిల్ ఎందుకు కారుతోంది?

మా గోదావరిఖని షెడ్డుకు వచ్చే పాత టిప్పర్లలో గేర్‌బాక్స్ అడుగు పొడిగా ఉన్నది అరుదు. ఓపెన్‌కాస్టు గనుల్లో తిరిగే తన భారీ డంపర్లను సింగరేణి బొగ్గు సంస్థ సొంత వర్క్‌షాపుల్లో చూసుకుంటుంది. మా దగ్గరికి వచ్చేవి బయటి బండ్లు: బొగ్గు, ఇసుక, ఎన్టీపీసీ బూడిద మోసేవి, చేత్తో గేరు వేసేవి, చిక్కటి గేర్ ఆయిల్ పోసేవి.

మొన్న ఎండాకాలం ఒక డ్రైవరు, బండి కూడా అతనిదే, వచ్చీ రాగానే అన్నాడు: "మేస్త్రీ, సీల్ మార్చి నెల కూడా కాలే. మళ్ల కారుతుంది. గేర్‌బాక్సే మార్చుమంటున్నరు."

"ముందు కడుగుదాం తమ్ముడూ, తర్వాత మాట్లాడుదాం" అన్నాను.

ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట అదే. బండి పోతుంటే గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. కాబట్టి తడి కనిపించే చోటూ, కారే చోటూ ఒకటి కానక్కర్లేదు. డీజిల్‌తో బ్రష్ పెట్టి కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, ముఖానికి పూసుకునే పౌడర్ పైనంతా చల్లాలి. లోడుతో ఒక ట్రిప్పు తిప్పి తెస్తే, పౌడర్ ముందుగా ఎక్కడ తడిసిందో అదే జాగా. క్లచ్ హౌసింగ్ కింది రంధ్రంలోంచి చుక్కలు పడితే ఇంకో అనుమానం ఉంటుంది. అది ఇంజన్ వెనక సీల్ నుంచి కూడా రావచ్చు. నల్లగా, మాడిన వాసన వస్తే ఇంజన్ ఆయిల్. చిక్కగా, గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్.

ఈ బండిలో తడిసింది వెనక సీల్, అంటే జాయింట్ షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్ దగ్గర. కొత్త సీలే. మరి దాన్ని పాడుచేసింది ఏది? ఈ ప్రశ్న వేయకుండా సీల్ మీద సీల్ మార్చడం వల్లే మా ప్రాంతపు డ్రైవర్ల జేబులు ఖాళీ అవుతున్నాయి.

మొదటి కారణం గేర్‌బాక్స్ నెత్తిన ఉండే బ్రీదర్ అనే చిన్న మూత. లోపలి గాలి వేడెక్కినప్పుడు దాని గుండానే బయటికి పోవాలి. మా దగ్గర బొగ్గు దుమ్ము, కారిన ఆయిల్ కలిసి గట్టి ముద్దయి దాన్ని మూసేస్తాయి. 30 డిగ్రీల గాలి 90 డిగ్రీలకు పోతే దాదాపు ఐదో వంతు ఉబ్బాలి. ఉబ్బే దారి లేకపోతే ఒత్తిడి పెరిగి, సీల్ పెదవి, అంటే షాఫ్ట్‌ను ఆనుకునే రబ్బరు అంచు, దగ్గర ఆయిల్‌ను బయటికి నెడుతుంది. రామగుండం మే నెల ఎండలో, నిండు లోడుతో గని గట్లెక్కే బండికి ఇది రోజూ జరిగేదే. బ్రీదర్ విప్పి డీజిల్‌లో కడిగి ఊది చూడటానికి ఖర్చేమీ లేదు, అయినా ఎక్కువమంది దాన్ని ముట్టుకోరు.

రెండో కారణం సీల్ లోపల తిరిగే ఫ్లాంజ్ మెడ అరగడం. సీల్ రబ్బరుదే కదా, ఇనుమును ఎట్లా కోస్తుందని అడుగుతారు. రబ్బరు కోయదు, దాని కింద చిక్కిన దుమ్ము కోస్తుంది. బొగ్గు మెత్తనిదే. బొగ్గు పైన ఉన్న ఇసుకరాయిని తవ్వి పోసే ఓబీ మట్టిలో మాత్రం క్వార్ట్జ్ ఉంటుంది. గాజును గీసేంత గట్టిది. అది సీల్ పెదవికి అంటుకుని తిరిగి తిరిగి మెడ చుట్టూ గాడి చేస్తుంది. గోరుతో గీస్తే తగిలేంత గాడి పడ్డాక ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. ఫ్లాంజ్ మార్చాలి, లేదా పలుచటి ఉక్కు స్లీవ్ తొడగాలి. ఈ బండికి స్లీవ్ తొడిగాము.

ఫ్లాంజ్ విప్పే ముందే దాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. కదిలితే బేరింగ్ పోయినట్టు. బేరింగ్ ఆడుతుంటే సీల్ పెదవి షాఫ్ట్‌ను వెంబడించలేదు. జాయింట్ షాఫ్ట్ క్రాసులు అరిగినా అదరడం మొదలై అదే నష్టం.

సీల్ బిగించడంలోనూ పని ఉంది. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. పెదవికి కాస్త ఆయిల్ రాయాలి. ఒక పక్క సుత్తితో కొట్టకుండా సరిపోయే రింగు పెట్టి సమంగా దించాలి. నల్లటి నైట్రైల్ రబ్బరు 100 డిగ్రీల దగ్గర చాలాకాలం ఉంటే గట్టిపడుతుంది. విటాన్ రబ్బరు 200 దాకా ఓర్చుకుంటుంది, ధర ఎక్కువ. కంపెనీ చెప్పిన కొలతదీ రకందీ తప్ప వేరేది వేయొద్దు.

ఇంకో సంగతి. కారుతోంది కదా అని డ్రైవర్లు ఒక లీటరు అదనంగా పోసుకుంటారు. పక్కన ఉన్న లెవల్ ప్లగ్ అంచు దాటితే ఆయిల్ నురగెత్తి మరింత కారుతుంది. చదును నేల మీద, బండి చల్లారాక ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. అంచుకు తగిలితే చాలు.

నాకు ఈ కారుడంటే కోపం ఎందుకంటే నష్టం బండి ఓనరుతో ఆగదు. ఆయిల్ తగ్గితే బేరింగులు మాడుతాయి. క్లచ్ ప్లేట్ తడిస్తే ఎత్తులో జారుతుంది, వెనక బండి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మలుపులో పడ్డ చుక్కల మీద ఫస్ట్ షిఫ్టుకు పొద్దున్నే బైకు మీద పోయే కార్మికుడు జారిపడతాడు.

ఆ టిప్పర్‌ను లోడుతో పెద్దపల్లి దాకా తిప్పించి, మళ్లీ పౌడర్ చల్లి చూశాం. వెనక సీల్ పొడిగా ఉంది. పై మూత ప్యాకింగ్ దగ్గర చిన్న తడి కనిపిస్తే బోల్టులు సమంగా బిగించాము. నెలకోసారి బ్రీదర్ ఊదమని డ్రైవరుకు చెప్పి పంపాను.