బల్లిని ముద్దొచ్చేలా గీయడం ఎలా?

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. మరి కుక్కపిల్ల మాత్రం మనకెందుకు ముద్దు? పికాచుని చూస్తే బుగ్గ గిల్లాలనిపిస్తుంది, హాస్టల్ గోడ మీద బల్లిని చూస్తే చీపురు వెతుకుతాం. ఈ తేడా ఆ జీవిలో ఎంతుంది, మన బుర్రలో ఎంతుంది? ఇది అర్థమైతే క్యూట్ క్యారెక్టర్లు గీయడం సగం వచ్చేసినట్టే. అందుకే ఇక్కడ పిల్లిపిల్ల, కుందేలుపిల్ల లాంటి ఈజీ సబ్జెక్టులు వదిలేసి బల్లినే పట్టుకుందాం. పెన్సిలూ, రఫ్ నోట్సు చివరి పేజీ ఉంటే చాలు.

ముందు కొంచెం థియరీ

1943లో కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒక మాట చెప్పాడు. పసిపిల్లల్ని చూడగానే పెద్దవాళ్ళకి వాత్సల్యం పొంగడానికి కొన్ని గుర్తులు కారణమట. ఒంటికి మించిన తల, ఉబ్బెత్తు నుదురు, ముఖంలో కిందికి ఉండే పెద్ద కళ్ళు, బూరె బుగ్గలు, పొట్టి కాళ్ళూ చేతులూ, తడబడే నడక. దీన్నే ‘బేబీ స్కీమా’ అంటారు. ఈ గుర్తులు మనిషి బిడ్డలో కాకుండా కుక్కపిల్లలో కనిపించినా, చివరికి బొమ్మలో కనిపించినా మన మనసు అలాగే కరిగిపోతుంది.

దీనికి మంచి ఉదాహరణ మిక్కీ మౌస్. 1928లో తెరకెక్కినప్పుడు మిక్కీ బాగా అల్లరి ఎలుక, మూతి కూడా కోసుగా ఉండేది. తర్వాత తర్వాత మంచివాడైపోయాడు, రూపం కూడా మారింది. స్టీఫెన్ జే గూల్డ్ అనే జీవశాస్త్రవేత్త ఆ పాత, కొత్త బొమ్మల్ని స్కేలు పెట్టి కొలిచాడు. తల పొడవులో కంటి సైజు 27 శాతం నుంచి 42 శాతానికి పెరిగిందని తేల్చాడు. అంటే మిక్కీకి వయసు పెరిగేకొద్దీ ముఖం పసిదైపోయిందన్నమాట!

ఇప్పుడు బల్లి సంగతి

అసలు బల్లిలో ఈ గుర్తులు ఎన్ని ఉన్నాయో చూడండి. తల చదును, మూతి పొడుగు, ఒళ్ళు సన్నం, కనుపాప నిలువు గీత. దాదాపు అన్నీ రివర్సే. కాబట్టి ఒక్కొక్కటే మార్చుకుంటూ వద్దాం.

1. తల: పెద్దవాళ్ళు సుమారు ఏడున్నర తలల ఎత్తు ఉంటారు, అప్పుడే పుట్టిన బిడ్డ నాలుగు తలలు. బొమ్మలో ఇంకా తగ్గించొచ్చు. మన బల్లికి తోక కాకుండా రెండు తలల పొడవు చాలు. ముందు ఒక పెద్ద గుండ్రం, దాని కింద అంతకంటే చిన్న కోడిగుడ్డు ఆకారం గీయండి.

2. కళ్ళు: తల గుండ్రానికి సరిగ్గా మధ్యలో ఒక అడ్డగీత గీయండి. కళ్ళు ఆ గీతకి కిందే ఉండాలి, రెండింటి మధ్య దూరం ఎక్కువ ఉండాలి. చాలామంది కళ్ళు పెద్దవి చేస్తారు కానీ పైకి పెట్టేస్తారు. అప్పుడు నుదురు తగ్గిపోయి, బొమ్మ పసిగా కాకుండా భయపడినట్టు కనిపిస్తుంది. నిలువు కనుపాపని వెడల్పు చేసి, మూలలో ఒక చిన్న తెల్ల చుక్క వదలండి.

3. మూతి: పొడుగు మూతిని లోపలికి నెట్టేయండి. నోరు కళ్ళకి దగ్గరగా, చిన్నగా ఉంటే చాలు. 1974లో పుట్టిన హలో కిట్టీకైతే అసలు నోరే గీయరు. చూసేవాళ్ళ మూడ్‌ని బట్టి అది నవ్వుతున్నట్టో, దిగులుగా ఉన్నట్టో అనిపిస్తుంది.

4. గీతలు: పొలుసులు, మచ్చలు అన్నీ గీయాలని ఆత్రపడొద్దు. కిర్బీ కథ తెలుసా? ఆ గేమ్ తయారవుతున్నప్పుడు అసలు హీరో బొమ్మ రెడీ అయ్యేదాకా ఉండనీ అని మసహిరో సకురాయ్ ఒక ఉత్త బంతి బొమ్మ పెట్టాడు. చేస్తూ చేస్తూ ఆ బంతి మీదే ఇష్టం పుట్టి, 1992లో వచ్చిన గేమ్‌లో దాన్నే హీరో చేసేశారు.

ఫార్ములా దగ్గరే ఆగిపోతే?

పై నాలుగు స్టెప్పులూ చేస్తే బొమ్మ క్యూట్‌గానే వస్తుంది. కానీ అది బల్లా, కప్పా, కళ్ళున్న బంగాళాదుంపా అని ఎవరైనా అడిగితే చెప్పలేం. ఇంటర్నెట్‌లో వేల బొమ్మలు ఒకేలా కనిపించేది ఇందుకే. ఫార్ములా ముద్దునిస్తుంది గానీ క్యారెక్టర్‌ని ఇవ్వదు. దానికి ఆ జీవిని చూడాలి.

పికాచుని డిజైన్ చేసిన అత్సుకో నిషిదా అప్పట్లో ఉడుతలంటే పడి చచ్చేవారట. ఉడుతలు బుగ్గల్లో తిండి దాచుకుంటాయి కదా, పికాచు బుగ్గల్లో కరెంటు దాచుకుంటుంది. ఆ ఎర్ర బుగ్గలు ఉత్త అలంకారం కాదు, అందులోనే దాని బతుకుంది.

మన బల్లిలో అలాంటివి ఏమున్నాయి? దానికి మూసుకునే కనురెప్పలు లేవు, అందుకే నాలుకతో కళ్ళు తుడుచుకుంటుంది. వేళ్ళ చివర మెత్తలు ఉంటాయి. ప్రాణం మీదికొస్తే తోక వదిలేసి పారిపోతుంది. ట్యూబ్‌లైట్ పక్కన పురుగు కోసం కదలకుండా కాపు కాస్తుంది. వీటిలో ఒకటో రెండో ఎంచుకుని బొమ్మలో పెద్దవి చేయండి. గుండ్రటి వేళ్ళూ, కంటి దాకా సాగిన నాలుకా ఉంటే ఇక దాన్ని ఎవరూ కప్ప అనరు.

తర్వాత దానికో బాధ ఇవ్వండి. మన పంచాంగాల్లో బల్లిపాటు ఫలితాలు ఉంటాయి కదా. తల మీద పడితే ఇది, భుజం మీద పడితే అది అని. బల్లి పైనుంచి పడగానే అందరూ పంచాంగం తెరుస్తారు గానీ, ‘దెబ్బ తగిలిందా నాన్నా?’ అని ఒక్కరూ అడగరు. ఇదీ మన బల్లి బాధ! ఇప్పుడు దాని కనుబొమలు ఎలా ఉండాలో, తోకని ఎలా పట్టుకుని నిలబడాలో మీకే తెలిసిపోతుంది.

టెస్టింగ్

బొమ్మ మొత్తం నల్లగా నింపేయండి. అయినా గుర్తుపడుతున్నారా? పోకెమాన్‌లో యాడ్స్ దగ్గర వచ్చే ‘హూ ఈజ్ దట్ పోకెమాన్?’ ఇదే పరీక్ష. తర్వాత దాన్ని వాట్సాప్ స్టిక్కర్ సైజుకి తగ్గించి చూడండి, కనిపించని గీతలు తీసేయండి. చివరగా కోపం, నిద్ర, ఆకలి, సిగ్గు, సప్లీ టెన్షన్ అని ఐదు మూడ్‌లు గీయండి. ఐదింట్లోనూ అదే బల్లి కనిపిస్తే పాసైనట్టే.

ముద్దుతో ఒక ప్రమాదం

చక్కిలిగింతలు పెడితే చేతులు పైకెత్తే స్లో లోరిస్ వీడియోలు చాలామంది చూసే ఉంటారు. పెద్ద కళ్ళు, గుండ్రటి ముఖం, లోరెంజ్ లిస్టులో ఉన్నవన్నీ దానికున్నాయి. కానీ ఆ చేతులెత్తడం సంతోషంతో కాదు, భయపడినప్పుడు తనని కాపాడుకోవడానికి చేసే పని అని జంతు నిపుణులు చెప్తారు. అలాంటి వీడియోలు చూసి పెంచుకుందామని కొనేవాళ్ళ కోసం వాటిని అడవుల నుంచి పట్టుకొచ్చేస్తున్నారు. దాని చుట్టమే మన అడవుల్లో ఉండే దేవాంగ పిల్లి. దానివీ అవే కళ్ళు. అయినా చేతబడుల పేరుతో దాన్నీ వదలట్లేదు. ముద్దుగా ఉన్నంత మాత్రాన ఏ జీవికీ రక్షణ దొరకదు, దాని గురించి మనకి తెలియాలి. అందుకే బొమ్మలో కళ్ళు ఎంత పెద్దవి చేసినా, ఆ జీవికి సంబంధించిన ఒక్క నిజమైనా వదలకుండా గీయమనేది.

ఈ వారం మీకు అస్సలు పడని జీవిని ఒకదాన్ని ఎంచుకోండి. బొద్దింకో, గబ్బిలమో, కాకిపిల్లో. ముందు పది నిమిషాలు ఊరికే చూడండి. పెన్సిల్ ఆ తర్వాతే.