మన వివరాలు బయటికి పొక్కితే సచివాలయం ఏం చేస్తుంది?

జగ్గయ్యపేటలోనైనా నందిగామలోనైనా ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయ ఉద్యోగి గుమ్మం ముందుకొస్తాడు. వేలిముద్ర పెట్టించుకుని పింఛను చేతిలో పెడతాడు. తనకు అప్పగించిన ఇళ్ల జాబితా అతని ఫోన్లోనే ఉంటుంది. ఎవరిది వితంతు పింఛను, ఎవరిది ఒంటరి మహిళ పింఛను, ఎవరికి డయాలసిస్ పింఛను వస్తోంది అన్నీ అందులో తెలుస్తాయి. పింఛను రకం చదివితే చాలు, ఆ ఇంటి కష్టం తెలిసిపోతుంది. ఆ జాబితా ఫొటో ఎవరి వాట్సాప్ గ్రూపులోనో పడిందనుకోండి. ఫోన్ నంబర్లు అప్పులిచ్చే కంపెనీకో, పార్టీ కార్యకర్తకో చేరాయనుకోండి. అప్పుడు ఎవర్ని నిలదీయాలి?

తప్పు చేసింది పర్మనెంటు ఉద్యోగి అయితే దారి పాతదే. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం అధికారం లేనివాళ్లకు ఆఫీసు సమాచారం ఇవ్వకూడదు. ఇస్తే 1991 నాటి క్రమశిక్షణ నియమాలైన సీసీఏ రూల్స్ కింద చర్య తీసుకుంటారు. ముందు మెమో ఇచ్చి సంజాయిషీ అడుగుతారు, విషయం పెద్దదైతే సస్పెండ్ చేస్తారు. పేపర్లో ‘సస్పెన్షన్ వేటు’ అని చదవగానే పని అయిపోయిందనుకుంటాం. నిజానికి సస్పెన్షన్ శిక్షల పట్టికలోనే లేదు. విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెట్టడమే అది, జీవనభృతి వస్తూనే ఉంటుంది. అసలు కథ చార్జి మెమోతో మొదలవుతుంది. అభియోగాలు, ఉద్యోగి రాతపూర్వక జవాబు, సాక్షులు, విచారణాధికారి నివేదిక అయ్యాక అభిశంసన, ఇంక్రిమెంట్ల కోత మొదలుకొని ఉద్యోగం ఊడేదాకా ఏదైనా కావచ్చు.

ఇంత తతంగంలోనూ బాధితురాలికి కుర్చీ లేదు. మహా అయితే ఆమె ఒక సాక్షి. తన వివరాల్లో ఏవేవి పోయాయో, ఎవరి చేతికి చేరాయో ఆమెకు చెప్పి తీరాలన్న నిబంధన సీసీఏ రూల్స్‌లో లేదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే. ఉద్యోగిని ఎంత కఠినంగా శిక్షించినా ఈ లోపం పూడదు.

విచారణ నిలబడేదీ కూలేదీ లాగిన్ దగ్గరే. కంప్యూటర్లో నమోదయ్యేది లాగిన్ పేరే, ఆ సమయానికి సీట్లో కూర్చున్నదెవరో దానికి తెలియదు. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు అదే పాస్‌వర్డ్‌తో పని నడిపించే ఆఫీసులో ‘లాగిన్ నాదే, అప్పుడు నేను లేను’ అంటే కేసు సగం పోయినట్టే. మున్సిపల్ కమిషనరైనా ఎంపీడీవో అయినా సంజాయిషీ కాగితం కంటే ముందు ఏ రోజు ఏ గంటకు ఏ లాగిన్‌తో ఎవరి వివరాలు తెరిచారో ఆ రికార్డు భద్రపరచాలి.

వాలంటీర్ల సంగతి వేరు. 2019 ఆగస్టు 15న మొదలైన ఆ వ్యవస్థలో ఊళ్లలో సుమారు 50 ఇళ్లకొకరు ఉండేవారు. వాళ్లకు ఇచ్చింది గౌరవ వేతనం. ప్రభుత్వోద్యోగులు కాదు కాబట్టి సీసీఏ రూల్స్ వాళ్లకు వర్తించేవి కావు. వాళ్లు సేకరించిన వివరాలు తప్పుడు చేతుల్లోకి పోతున్నాయని 2023 జులైలో ఏలూరులో పవన్ కల్యాణ్ ఆరోపించారు. అప్పటి ప్రభుత్వం ఆయనపై పరువునష్టం కేసుకు ఉత్తర్వులిచ్చింది. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను పింఛన్ల పంపిణీకి దూరం పెట్టి, వాళ్ల ఫోన్లు, ట్యాబులు కోడ్ ముగిసేదాకా జిల్లా ఎన్నికల అధికారి దగ్గర ఉంచమంది. రాజకీయం పక్కనపెడితే సామాన్యుడికి కావలసిన ప్రశ్న చిన్నదే. ఇంటింటి వివరాలు చేతిలో ఉన్న మనిషి ఏ క్రమశిక్షణ నియమానికి లోబడి ఉన్నాడు?

ఇక నేర చట్టాలు. ఆధార్ నమోదులోనో ధ్రువీకరణలోనో తీసుకున్న వివరాలు కావాలని బయటపెడితే మూడేళ్ల దాకా జైలు. ఈ నేరంపై మొదట్లో ఆధార్ సంస్థే కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది, 2019 సవరణతో బాధితుడికీ ఆ హక్కు వచ్చింది. ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఏ సెక్షన్ ఉంది గానీ అది కంపెనీల్లాంటి వ్యాపార సంస్థలకు రాసింది, పంచాయతీ దాని పరిధిలోకి రాదు.

ఒక మనిషి తప్పు కాకుండా ఆఫీసే తలుపు తెరిచి పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 2017 మేలో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటికి కనిపించాయని చెప్పింది. వాటిలో రెండు మన రాష్ట్రానివే, ఒకటి చంద్రన్న బీమాది. ఏడాది తిరిగేసరికి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు కనిపించాయి. రెండుసార్లూ బయటపెట్టింది బయటివాళ్లే.

అలాగని జాబితాలన్నీ దాచేయమనడం కూడా ప్రమాదమే. సమాచార హక్కు చట్టం లబ్ధిదారుల వివరాలు ప్రకటించమంటుంది. నోటీసు బోర్డు మీద పేర్లు ఉంటేనే దొంగ పేర్లు దొరుకుతాయి. పేరు, పథకం, సొమ్ము కనిపించాలి. ఆధార్ నంబరు, ఖాతా, ఫోన్ కనిపించకూడదు. పింఛను రకమే రోగాన్ని చెప్పేసే చోట అధికారి బుర్ర పెట్టి జాబితా వేయాలి. హెచ్ఐవీ బాధితుల విషయంలో 2017 చట్టం గోప్యతను తప్పనిసరి చేసింది.

ఉద్యోగికి కాకుండా సంస్థకే శిక్ష పడే దారీ ఉంది. బ్రిటన్‌లో 2012లో మిడ్‌లోథియన్ అనే స్థానిక కౌన్సిల్ వ్యక్తిగత కాగితాలను పదే పదే వేరేవాళ్లకు పంపినందుకు 1,40,000 పౌండ్ల జరిమానా పడింది. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా సంస్థనే బాధ్యురాలిని చేస్తుంది. భద్రత లోపిస్తే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది, వివరాలు పోతే బాధితులకు ఆలస్యం లేకుండా తెలపాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఈ బాధ్యతలకు ఇచ్చిన గడువు పద్దెనిమిది నెలలు, అంటే 2027 మే. జరిమానా సొమ్ము మాత్రం బాధితుడికి రాదు, కేంద్ర ఖజానాకు వెళ్తుంది.

అందాకా చేతిలో ఉన్నది అర్జీయే. సోమవారం నందిగామ ఆర్డీవో ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ‘చర్య తీసుకోండి’ అని మాత్రమే రాసి వదిలేయకండి. ఏ తేదీన, ఏ లాగిన్‌తో నా వివరాలు తెరిచారో తెలపండి అని రాయండి. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చెరిపేయకుండా ఉంచి, ప్రింటు జత చేయండి. రసీదు తీసుకోనిదే అక్కణ్నుంచి కదలకండి.