మెట్లబావి చెప్పు లెక్క

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమున ప్రవేశించువారి చూపు 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల రాతి సౌధముపైననే నిలుచును. ఆ ఆవరణలోనే ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి (1768–1824) పేర ప్రసిద్ధమైన మెట్లబావి యొకటి కలదు. చిరకాలము మరుగునపడిన దానిని ఇటీవలనే బాగుచేసిరి.

మెట్లబావికొక సుగుణము కలదు. నీరు తగ్గినకొలది మరికొన్ని మెట్లు దిగవలెను. తోడుకొనువాని కాలికే లెక్క తెలియును. గొట్టపుబావికి ఆ గుణము లేదు. మీట నొక్కినంతనే నీరు వచ్చును. భూమిలో ఎంత తరిగినదో కానరాదు. అది ఎండిన దినమున ధనికుడు టాంకరు తెప్పించుకొనును. పేదరాలు బిందెతో వరుసలో నిలుచును.

కతోలిక జగద్గురువు పోపు ఫ్రాన్సిసు (1936–2025) 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' అను లేఖ ఈ కానరాని లెక్కనే అడిగినది. 13వ శతాబ్దమున నీటిని సోదరిగా భావించిన అస్సీసీ ఫ్రాన్సిసు గీతమునుండి దానికా పేరు వచ్చినది. సురక్షితమైన నీరు మానవుని మౌలికమైన హక్కనియు, భూమి మొరను పేదల మొరను కలిపి వినవలెననియు అది బోధించును. వ్యాపారమును నిందింపదు, ఉదాత్తవృత్తి యనియే మన్నించును. అయితే ఉమ్మడి ప్రకృతి సంపదను వాడుకొనువారే దాని మూల్యమును బహిరంగముగా లెక్కించి భరింపవలెననియు, అన్యులపైనను రాబోవు తరములపైనను మోపరాదనియు నియమము విధించును.

దైవభక్తికిని అర్థశాస్త్రమునకును సంబంధమేమని విద్యార్థులడుగవచ్చును. సృష్టి తనది కాదనియు, తనకు అప్పగింపబడినదనియు భక్తుడు నమ్మును. పరుల సొమ్మునకు లెక్క చెప్పవలసినదే గదా! ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఆ బావి వద్దకు తోడ్కొనిపోయి మెట్లు లెక్కింపజేసినచో, నీతియుక్తమైన అభివృద్ధి యననేమో వారికి కొంత బోధపడగలదు.